యాప్ తెరుచుకోని రోజు నుంచి డబ్బు చేతికొచ్చే దాకా: బ్యాంకు మూతపడితే డిపాజిటర్లు చేయాల్సిన పనులు

పొద్దున ఆరున్నరకు మా మేనత్త ఫోన్ చేసింది. "అబ్బీ, బ్యాంకు యాప్ తిరుగుతానే ఉంది, తెరుచుకోవడంల్యా. నా దుడ్లు యాడ పోయినాయో వచ్చి సూడు" అంది. ప్రొద్దుటూరులో నేను పనిచేసే ఆడిటర్ ఆఫీసుకు వెళ్తూ దారిలో వాళ్లింట్లో ఆగాను. ఫోన్ తెర మీద చిన్న గుండ్రం తిరుగుతోంది. దాని కింద "సేవలు తాత్కాలికంగా అందుబాటులో లేవు" అని ఒక్క లైను. మామ కువైట్‌లో 19 ఏళ్లు బండి నడిపి పంపిన డబ్బు ఆ గుండ్రం వెనకాల ఉంది.

అది వేరే ఊళ్లోని ఒక పట్టణ సహకార బ్యాంకు. కొడుకు అక్కడ చదువుకునేటప్పుడు ఖాతా తెరిచారు. తర్వాత జమ చేయడం, ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయడం అన్నీ యాప్‌లోనే. బ్రాంచి గడప అత్త ఒక్కసారి కూడా తొక్కలేదు. అలాంటి బ్యాంకు మీద రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెడితే ఎవరిని అడగాలో, ఏ కాగితం పట్టుకుని ఎక్కడికి పోవాలో తెలియక ఇంటిల్లిపాదీ కుంగిపోయారు. ఆ తర్వాతి నెలల్లో నేను నేర్చుకున్నదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను. కడప, కర్నూలు, అనంతపురం పల్లెల్లో శెనక్కాయలు అమ్మిన డబ్బూ, గల్ఫ్ డబ్బూ ఫోన్‌లోనే దాచుకునేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒక్కరికి అక్కరకొచ్చినా చాలు.

1. మొదటి రోజే ఆధారాలు దాచుకోండి

యాప్ కొన్నిసార్లు మధ్యలో కాసేపు తెరుచుకుంటుంది. అలా తెరుచుకున్నప్పుడు బ్యాలెన్సు పేజీ, డిపాజిట్ రసీదు, ఖాతా నంబరు, నామినీ వివరాలు కనిపించే ప్రతి తెరనూ స్క్రీన్‌షాట్ తీయండి. వీలైతే స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసి ప్రింటు తీసుకోండి. యాప్ అసలే తెరుచుకోకపోతే పాత మెసేజులు, ఈమెయిళ్లు వెతకండి. అత్త ఫోన్‌లో మూడేళ్ల కిందటి డిపాజిట్ మెసేజ్ దొరికింది, అదే తర్వాత పనికొచ్చింది. ఫోన్ మార్చొద్దు, సిమ్ మార్చొద్దు, యాప్ తీసేయొద్దు.

అదే రోజు ఇంకో పని ఉంది, దాన్ని అందరూ మర్చిపోతారు. ఆ ఖాతా నుంచి నెలనెలా పోయే ఈఎంఐలు, ఎల్‌ఐసీ ప్రీమియంలు ఉంటే, ఆ సంస్థలకు ఫోన్ చేసి వేరే ఖాతా ఇవ్వండి. బ్యాంకు ఆగిపోయిందన్నది మీ తప్పు కాదు, అయినా ఈఎంఐ తప్పితే మచ్చ పడేది మీ సిబిల్ మీదే. పీఎం కిసాన్ డబ్బు, గ్యాస్ సబ్సిడీ ఆధార్ సీడింగ్ ఉన్న ఖాతాలోనే పడతాయి. ఆ సీడింగ్ మునిగిన బ్యాంకుకు ఉంటే, మీ ఊళ్లోని వేరే బ్యాంకుకు వెళ్లి మార్పించుకోండి. లేదంటే కొత్తగా వచ్చే డబ్బు కూడా అక్కడే చిక్కుకుంటుంది.

2. అసలు మీ డబ్బు ఎవరి దగ్గర ఉంది?

ఈ ప్రశ్నకు జవాబు దొరికే దాకా ముందుకు పోవద్దు. ఆ తర్వాత నడిచే దారి మొత్తం దీని మీదే ఆధారపడి ఉంటుంది. ఫోన్‌లో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. రంగురంగుల యాప్, లోపల బ్యాలెన్సు. కానీ చట్టం దృష్టిలో వాటి మధ్య తేడా చాలా ఉంది.

మొదటి రకం నిజమైన బ్యాంకు. ప్రభుత్వ బ్యాంకులు, ప్రైవేటు బ్యాంకులు, గ్రామీణ బ్యాంకు, స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులు, పేమెంట్స్ బ్యాంకులు, పట్టణ సహకార బ్యాంకులు, జిల్లా సహకార కేంద్ర బ్యాంకు ఇందులోకి వస్తాయి. వీటిలోని డిపాజిట్లకు డీఐసీజీసీ అనే సంస్థ బీమా ఇస్తుంది. ఇది రిజర్వు బ్యాంకు అనుబంధ సంస్థ, 1961 నాటి చట్టంతో నడుస్తుంది. ఆ బీమా ప్రీమియం బ్యాంకే కడుతుంది, మన దగ్గర పైసా వసూలు చేయకూడదు. ఏ బ్యాంకుకు బీమా ఉందో డీఐసీజీసీ వెబ్‌సైట్‌లో జాబితా ఉంటుంది.

రెండో రకం బ్యాంకు పేరు వెనకాల పెట్టుకున్న యాప్. యాప్ కంపెనీకి బ్యాంకు లైసెన్సు ఉండదు, మీ డబ్బు దాని వెనకున్న ఏదో ఒక బ్యాంకులో ఉంటుంది. యాప్ కంపెనీ మూతపడినా ఆ బ్యాంకు బాగానే ఉంటే ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ పట్టుకుని నేరుగా ఆ బ్యాంకు బ్రాంచికి వెళ్లండి. ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మొదటి నాలుగు అక్షరాలే అది ఏ బ్యాంకో చెబుతాయి. యాప్‌లో వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్లకూ ఇదే మాట. రసీదు మీద ఏ బ్యాంకు పేరు ఉందో చూడండి.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఈ రెండో రకం సంగతి గట్టిగా చెప్పాలి. 2024లో అక్కడ సినాప్స్ అనే మధ్యవర్తి కంపెనీ దివాలా తీసింది. యాప్‌లకూ బ్యాంకులకూ మధ్య లెక్కలు రాసేది అదే. లక్ష మందికి పైగా జనం ఖాతాలు స్తంభించిపోయాయి. అక్కడ డిపాజిట్ బీమా 2,50,000 డాలర్ల దాకా ఉన్నా, మునిగింది మధ్యవర్తే కానీ బ్యాంకు కాదు కాబట్టి ఆ బీమా పలకలేదు. 2008లో ఐస్‌లాండ్‌లో జరిగింది వేరు. ఐస్‌సేవ్ పేరుతో ఇంటర్నెట్‌లో డిపాజిట్లు తీసుకున్న బ్యాంకే కూలింది. ఇంగ్లండులోని డిపాజిటర్లకు ముందు అక్కడి వ్యవస్థే చెల్లించింది. ఆ డబ్బు ఎవరు భరించాలన్న తగువు మాత్రం దేశాల మధ్య 2013లో కోర్టు తీర్పు దాకా నడిచింది.

మూడో రకం వ్యాలెట్. అందులో ఉంచిన డబ్బు డిపాజిట్ కాదు, డీఐసీజీసీ బీమా దానికి వర్తించదు.

నాలుగోది మన జిల్లాల్లో ఎక్కువ ముంచేది: బ్యాంకు అని పిలిపించుకునే సొసైటీలు. మ్యాక్స్ చట్టం కింద నమోదైన పరస్పర సహాయ సంఘాలు, క్రెడిట్ సొసైటీలు, ఊళ్లోని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు కూడా డీఐసీజీసీ బీమా కిందికి రావు. పాస్‌బుక్కు ఉంటుంది, కౌంటరు ఉంటుంది, ఇప్పుడు కొందరికి యాప్ కూడా ఉంది. అత్త వాళ్ల పక్కింటాయన తన కూతురి పెళ్లి డబ్బు అలాంటి ఒక సొసైటీలో పెట్టుకున్నాడు. బోర్డు మీద బ్యాంకు అన్న మాట చూసి నమ్మానన్నాడు. ఆయన దారి వేరు, అది తర్వాత చెప్తాను.

3. రిజర్వు బ్యాంకు ఉత్తర్వు చదవండి

రిజర్వు బ్యాంకు ఏ బ్యాంకు మీదైనా ఆంక్షలు పెడితే తన వెబ్‌సైట్‌లో ప్రకటన పెడుతుంది. అందులో మూడు విషయాలు వెతకండి: ఆంక్షలు ఏ తేదీ నుంచి మొదలయ్యాయి, ఖాతాకు ఎంత తీసుకోనిస్తారు, లైసెన్సు ఉందా రద్దయిందా.

ఆంక్షలు పెట్టడం అంటే లైసెన్సు రద్దు చేయడం కాదు. తీసుకునే పరిమితి మారుతూ ఉంటుంది. 2019 సెప్టెంబరులో పీఎంసీ అనే సహకార బ్యాంకు మీద ఆంక్షలు పెట్టినప్పుడు మొదట రూ.1,000 మాత్రమే ఇస్తామన్నారు. ఆ తర్వాత దశలవారీగా 2020 జూన్‌కు రూ.1 లక్షకు పెంచారు. యెస్ బ్యాంకుకు 2020 మార్చి 5న రూ.50,000 పరిమితి పెట్టి, 13 రోజుల్లో ఎత్తేశారు. పరిమితి ఉన్నంత వరకు వెంటనే తీసుకోండి. ఆ మొత్తం బీమా వాటాలోంచి తగ్గుతుంది తప్ప దానివల్ల నష్టం లేదు. ఇంట్లో ఆపరేషన్ లాంటి అవసరం ఉంటే ఆసుపత్రి కాగితాలతో బ్యాంకు అడ్మినిస్ట్రేటరుకు అర్జీ పెట్టండి. పీఎంసీ విషయంలో అలాంటి కష్టాలకు విడిగా అడిగే వీలిచ్చారు.

4. ఐదు లక్షల లెక్క

ఒక్కో డిపాజిటరుకు, ఒక్కో బ్యాంకులో రూ.5 లక్షల వరకు బీమా. 2020 ఫిబ్రవరి 4కు ముందు ఇది రూ.1 లక్షే ఉండేది. ఇందులో అసలు, వడ్డీ రెండూ కలిసి ఉంటాయి. అత్తకు ఇక్కడే దెబ్బ తగిలింది. ఆమె వేసింది రూ.4,60,000. వడ్డీ చేరి లెక్కగట్టే తేదీ నాటికి రూ.5,18,000 అయింది. బీమా కింద వచ్చేది రూ.5 లక్షలే, మిగతా రూ.18,000 బ్యాంకు ఆస్తుల్లోంచి రావాలి.

ఒకే బ్యాంకులో మీ పేరున నాలుగు బ్రాంచుల్లో ఖాతాలున్నా అన్నీ కలిపే చూస్తారు. సేవింగ్స్, ఫిక్స్‌డ్, రికరింగ్ అన్నీ ఒక్క మూటే. మీరు దుకాణం సొంతంగా నడుపుతుంటే, దుకాణం పేరున్న కరెంటు ఖాతా కూడా మీ సొంత ఖాతాతోనే కలుస్తుంది. ప్రొద్దుటూరు బంగారం, బట్టల దుకాణాల వాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. భాగస్వామ్య సంస్థ పేరున ఉంటే అది వేరే లెక్క. భార్యాభర్తల జాయింట్ ఖాతా, మైనరు బిడ్డకు గార్డియన్‌గా పెట్టిన ఖాతా కూడా వేరువేరు హోదాలు కాబట్టి ఒక్కోదానికి విడిగా రూ.5 లక్షలు. జాయింటులో మొదటి పేరు మామది ఒకదానిలో, అత్తది ఇంకోదానిలో ఉన్నా అవి వేరుగానే లెక్క.

అదే బ్యాంకులో మీకు అప్పుంటే చెల్లుకు చెల్లు చూస్తారు. రూ.4 లక్షల డిపాజిట్, రూ.1 లక్ష అప్పు ఉంటే చేతికొచ్చేది మూడే. బంగారం తాకట్టు పెట్టి ఉంటే భయపడకండి. నగ డిపాజిట్ కాదు, అది మీ సొత్తు. అప్పు తీర్చి విడిపించుకునే హక్కు మీదే. లాకరులో ఉన్నదీ అంతే.

5. గడువులు, అంగీకార పత్రం

2021లో చట్టం మార్చాక డిపాజిటర్లకు పెద్ద ఊరట దొరికింది. అంతకుముందు బ్యాంకు లైసెన్సు రద్దయి, లిక్విడేటరు (బ్యాంకు ఆస్తులు అమ్మి బాకీలు తీర్చే అధికారి) వచ్చి, జాబితా పంపే దాకా బీమా డబ్బు కదిలేది కాదు. ఏళ్లు పట్టేది. ఇప్పుడు ఆంక్షలు పెట్టిన నాటి నుంచి 45 రోజుల్లో బ్యాంకు డిపాజిటర్ల జాబితా డీఐసీజీసీకి పంపాలి. తర్వాత 30 రోజుల్లో వాళ్లు సరిచూడాలి. ఆ పైన 15 రోజుల్లో చెల్లించాలి. మొత్తం 90 రోజులు. బ్యాంకును ఇంకో బ్యాంకులో కలిపే పని నడుస్తుంటే ఇంకో 90 రోజుల దాకా పొడిగించవచ్చు.

ఈ 45 రోజులే మనకు కీలకం. బ్యాంకు ప్రకటన ఇస్తుంది: ఫలానా తేదీలోగా బీమా డబ్బు తీసుకోవడానికి అంగీకార పత్రం, గుర్తింపు కాగితాలు, డబ్బు పడాల్సిన వేరే బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వండి అని. ఆ పత్రం ఇవ్వని వాళ్ల పేరు మొదటి జాబితాలో ఎక్కదు. కేవలం యాప్ చూసుకుంటూ కూర్చుంటే ఈ తేదీ తెలియకుండానే దాటిపోతుంది. బ్యాంకు వెబ్‌సైటు, పేపర్లలో ప్రకటనలు రోజూ చూడండి.

అత్త పత్రం మొదటిసారి వెనక్కి వచ్చింది. కారణం పేరు. ఖాతాలో ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరం, ఆ తర్వాత "లక్ష్మీదేవి". ఆధార్‌లో ఇంటిపేరు మొత్తం రాసి "లక్ష్మీదేవమ్మ" అని ఉంది. డబ్బు పడాల్సిన ఖాతాలో మూడో రకం. ఒకే మనిషికి మూడు పేర్లు. మన వైపు ఇది ప్రతి ఇంట్లో ఉండే సంగతే, కానీ కంప్యూటరుకు వాళ్లు ముగ్గురు మనుషులు. నోటరీ దగ్గర "ఈ మూడు పేర్లూ ఒకే వ్యక్తివి" అని అఫిడవిట్ చేయించాం, దానికి పాన్ కార్డు జత చేశాం, ఆధార్‌లో ఉన్నట్టే పేరున్న కొత్త ఖాతా మా ఊరి బ్రాంచిలో తెరిచాం. ఈ పనికి పదకొండు రోజులు పట్టింది. ఆంక్షలు పెట్టిన రోజే పేర్లు పోల్చి చూసి ఉంటే ఆ టెన్షన్ ఉండేది కాదు. కాబట్టి మీ పాస్‌బుక్కు, ఆధార్, పాన్ మూడూ బల్ల మీద పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం చదవండి.

జాయింట్ ఖాతా అయితే ఇద్దరి సంతకాలూ కావాలి. మామ కువైట్‌లో ఉంటే? అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపవచ్చు, దానికి వారాలు పడుతుంది కాబట్టి ముందే మొదలుపెట్టండి. ఖాతాదారు చనిపోయి ఉంటే నామినీ మరణ ధ్రువపత్రంతో వెళ్లాలి. నామినీ లేకపోతే వారసుల కాగితాలు కావాలి. 2025 నవంబరు నుంచి ఒక ఖాతాకు నలుగురు నామినీలను పెట్టుకోవచ్చు.

ఇచ్చిన ప్రతి కాగితానికీ తేదీ వేసిన రసీదు తీసుకోండి. పోస్టులో పంపితే స్పీడ్ పోస్ట్, ఆ రసీదు మీ ఫైల్లో. మొదటి జాబితా తప్పిపోతే దిగులు పడి వదిలేయొద్దు. బ్యాంకు తర్వాతి జాబితా పంపుతుంది, మీ పత్రం అందులో ఎక్కించమని రాతపూర్వకంగా అడగండి. అత్త పేరు రెండో జాబితాలోనే ఎక్కింది.

6. ఐదు లక్షల పైన ఉన్నవాళ్లకు

వీళ్ల మనసు నాకు తెలుసు. రిటైరైన టీచర్లు, భూమి అమ్ముకున్న రైతులు. జీవితమంతా ఒకే చోట పెట్టినవాళ్లు. వీళ్లకు రెండు దారులు.

బ్యాంకును వేరే బ్యాంకులో కలిపితే పథకంలో ఏం రాశారన్నదే ముఖ్యం. లక్ష్మీ విలాస్ బ్యాంకు 2020 నవంబరులో డీబీఎస్ బ్యాంకులో కలిసినప్పుడు డిపాజిటర్ల డబ్బు అంతా అక్కడికి మారింది. పీఎంసీ బ్యాంకు 2022 జనవరిలో యూనిటీ స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులో కలిసింది, కానీ రూ.5 లక్షలు దాటిన డిపాజిట్లను పదేళ్ల పాటు విడతలుగా ఇస్తామన్నారు. విలీన పథకం ముసాయిదా మీద రిజర్వు బ్యాంకు అభ్యంతరాలు కోరుతుంది. ఆ గడువులో సంతకాలతో ఉత్తరం పంపండి.

లైసెన్సు రద్దయితే సహకార సంఘాల రిజిస్ట్రార్ లిక్విడేటరును పెడతారు. బీమా డబ్బు అందని వాళ్ల జాబితాను లిక్విడేటరు మూడు నెలల్లో పంపాలి, అది అందిన రెండు నెలల్లో డీఐసీజీసీ చెల్లిస్తుంది. పైన మిగిలిన మొత్తానికి లిక్విడేటరు దగ్గర విడిగా క్లెయిమ్ నమోదు చేయించుకోవాలి. ఆస్తులు అమ్మి, అప్పులు వసూలు చేసి పంచుతారు. అందులో డీఐసీజీసీ ఇచ్చిన సొమ్ము ముందు వాళ్లకు తిరిగి కట్టాలి, కాబట్టి మనకు మిగిలేది ఆలస్యంగా, కొంచెం కొంచెంగా వస్తుంది. పది మంది డిపాజిటర్లు కలిసి ఒక సంఘంగా ఏర్పడితే లిక్విడేటరు ఆఫీసులో లెక్కలు అడగడం తేలిక. ఒంటరిగా వెళ్లిన వాళ్లను తిప్పి పంపినట్టు గుంపును పంపలేరు.

7. అది బ్యాంకే కాకపోతే

పక్కింటాయన సంగతికి వస్తాను. సొసైటీ షట్టర్ వేసి నాలుగు రోజులైనా ఆయన రోజూ వెళ్లి ఆ మెట్ల మీద కూర్చునేవాడు. నిజంగా చేయాల్సింది పోలీస్ స్టేషన్‌కు వెళ్లడం. 1999 నాటి ఆంధ్రప్రదేశ్ డిపాజిటర్ల రక్షణ చట్టం కింద ప్రభుత్వం ఆ సంస్థ ఆస్తులు, యజమానుల ఆస్తులు జప్తు చేయవచ్చు. ప్రత్యేక కోర్టు ద్వారా వాటిని అమ్మి డిపాజిటర్లకు పంచుతారు. అనుమతి లేకుండా డిపాజిట్లు తీసుకుంటే 2019 నాటి కేంద్ర చట్టం కూడా ఉంది. ఫిర్యాదు ఎఫ్ఐఆర్‌గా నమోదయ్యేలా చూసుకోండి. నకలు తీసుకోండి. మ్యాక్స్ సొసైటీ అయితే జిల్లా సహకార అధికారికి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌కు అర్జీ ఇవ్వండి. రిజర్వు బ్యాంకు నడిపే సచేత్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టండి.

ఈ దారి నెమ్మదిగా సాగుతుందని ముందే చెప్పడం నా బాధ్యత. అగ్రిగోల్డ్ విషయంలో రాష్ట్ర ప్రభుత్వం 2019లో రూ.10,000 లోపు వాళ్లకు, 2021లో రూ.20,000 లోపు వాళ్లకు ఇచ్చింది. పెద్ద మొత్తాల వాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. సహారా సొసైటీల డిపాజిటర్లకు 2023 జులైలో కేంద్రం పోర్టల్ తెరిచి, మొదట రూ.10,000 వరకు ఇచ్చింది, 2024లో రూ.50,000 వరకు పెంచింది. రెండు చోట్లా బాండు, రసీదు ఉన్నవాళ్లే ముందుకు కదిలారు. ఆ కాగితం ఒరిజినల్ ఏజెంటు చేతికి ఇవ్వొద్దు. "పై ఆఫీసుకు పంపాలి" అంటే జిరాక్స్ ఇవ్వండి.

8. మోసగాళ్లు ఎదురుచూస్తుంటారు

బ్యాంకు పేరు పేపర్లో వచ్చిన వారంలోనే అత్తకు ఫోన్ వచ్చింది. డీఐసీజీసీ నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు త్వరగా రావాలంటే రూ.2,500 ఫీజు కట్టండి, ఒక ఓటీపీ చెప్పండి అన్నాడు. ఆమె ఫోన్ నాకు ఇచ్చింది కాబట్టి బతికిపోయాం. బీమా డబ్బుకు ఫీజు లేదు, ఏజెంటు లేడు, ఓటీపీ అవసరం లేదు. పొరపాటున చెప్పేసి ఉంటే ఆ క్షణమే 1930కు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అంత మేలు.

9. పని కదలకపోతే

బ్యాంకుకు రాసి 30 రోజులైనా జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు ఫిర్యాదు పోర్టల్‌లో పెట్టండి. సందేహాలకు 14448 నంబరు ఉంది. యాప్ కంపెనీ తప్పుడు మాటలతో డబ్బు వేయించుకుందని అనిపిస్తే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. రూ.5 లక్షల లోపు చెల్లించిన కేసుకు ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. వకీలుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా సాయం చేస్తుంది, నంబరు 15100. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచిత సాయం దొరుకుతుంది.

అత్తకు రూ.5 లక్షలు ఐదో నెలలో పడ్డాయి. మెసేజ్ వచ్చినప్పుడు ఆమె నమ్మలేదు. బ్రాంచికి వెళ్లి పాస్‌బుక్కులో ప్రింటు కొట్టించి, ఆ లైను వేలితో తడిమి చూసుకుంది. మరుసటి రోజే సగం తీసి ఇంకో బ్యాంకులో వేసింది. రూ.18,000 కోసం బ్యాంకుకు రాసిన ఉత్తరం నకలు, స్పీడ్ పోస్ట్ రసీదు నా ఆఫీసు బీరువాలో ఆమె ఫైల్లో ఉన్నాయి. ప్రతి నెలా మొదటి వారంలో బ్యాంకు ఆఫీసుకు ఫోన్ చేసి అడుగుతున్నాను.